పదకొండో బంగారు గొట్టం

ఫ్రాన్సులోని నాన్సీ నగరపు ప్రయోగశాలలో సోలాంజ్ థిబో ఇరవై ఆరేళ్లుగా బంగారు గొట్టాలు అతుకుతోంది. పెన్సిలంత గొట్టంలో బొగ్గుపొడి, నీటిచుక్క వేసి, అడుగును మంచులో ముంచి, పైమూతిని విద్యుత్ జ్వాలతో మూయడం ఆమె పని. ఆపైన కొలిమిలో ఒత్తిడి మధ్య మూడు రోజులు కాలిస్తే, భూగర్భం కోట్ల ఏళ్లలో బొగ్గునుండి ఎంత వాయువు పుట్టిస్తుందో అంచనా కట్టవచ్చు. బంగారం ఆ బొగ్గుతోగాని వాయువుతోగాని కలవదు. లోపలి రహస్యాన్ని కల్తీ లేకుండా దాచుతుంది.

కాల్చకముందు, కాల్చినాక ప్రతి గొట్టాన్నీ ఆమె తూచేది. వెంట్రుకంత తేడా వచ్చినా అతుకు కారినట్టే. కొంత వాయువు బయటికి పోయి అంకె తగ్గుతుంది గనుక అలాంటిదాన్ని సూదితో పొడిచి వాయువు కొలవకూడదు. చీటీ కట్టి తన రేకుపెట్టెలో వేసేది.

రెజీస్ ఓబ్రీ విద్యార్థిగా వచ్చిన తొలినాళ్లలో, ఎడమచేతివాటం గల అతనికి అతకడం నేర్పింది ఆమే. ఆచార్యుడయ్యాక కూడా అతను ఏటా సెయింట్ నికోలస్ పండుగకు తేనెరొట్టె తెచ్చి, "తిను సోలాంజ్, నువ్వు లేకపోతే నేనెక్కడ!" అనేవాడు.

అతని సిద్ధాంతం ప్రకారం ఆ బొగ్గు తక్కువ వాయువే ఇస్తుంది; అతను ప్రచురించిన ఫలితమూ అదే చెప్పింది. అదే ప్రయోగం చేసిన జర్మనీవారికి మాత్రం రెట్టింపు వచ్చింది. సంజాయిషీ కోసం సంచాలకురాలు వొట్రాన్ సమావేశం పిలిచింది.

రెజీస్ గొంతు సవరించుకున్నాడు. "లోపం పదకొండో గొట్టంలో ఉందండి. అతుకు కారింది. మేడమ్ థిబో ఆ సంగతి నాకు చెప్పలేదు."

మేడమ్ థిబో! ఇరవై ఏళ్లలో ఆ నోట ఆ పిలుపు ఆమె వినలేదు.

"చెప్పాను. చీటీ కూడా కట్టాను. ఇప్పుడే తెస్తానుండండి," అని ఆమె లేచింది. సూదిపోటు పడని ఆ గొట్టాన్ని చూపితే తన పేరు నిలబడుతుందని, అతనికి మరుపే వచ్చిందని తేలిపోతుందని నమ్మింది.

రేకుపెట్టెలో గొట్టం ఉంది. చీటీ ఉంది. కాని దారం ముడి ఆమెది కాదు, ఎడమచేతివాటం ముడి. గొట్టం నడుమ సన్నని సూదిరంధ్రం.

ఆమె గొట్టాన్ని వెలుతురుకెత్తి చూసింది. రెజీస్ మరిచిపోలేదు. చదివాడు, విప్పాడు, పొడిచాడు, మళ్లీ కట్టి యథాస్థానంలో పెట్టాడు.

తిరిగి వచ్చి గొట్టాన్ని బల్లమీద ఉంచింది. వొట్రాన్ చీటీ పైకి చదివింది: "కారింది. పొడవవద్దు."

"రాత నాది. రంధ్రం నాది కాదు. ఆ ముడి ఎవరిదో మీరే చూడండి," అంది సోలాంజ్.

"ఏం రెజీస్, ఇది చదివాకే పొడిచావా?" అని వొట్రాన్ అడిగింది.

అతను సంచాలకురాలి వైపు చూడలేదు. ఎడమచేతిని బల్లకిందికి లాక్కున్నాడు. "గడువు ముంచుకొచ్చింది. ఆ అంకె నా సిద్ధాంతపు గీతమీద సరిగ్గా కూర్చుంది..."

"అడిగితే మూడు రోజుల్లో ఇంకోటి చేసిచ్చేదాన్ని కదా," అంది ఆమె. ఆ గొంతులో కోపం లేదు. నిప్పు ఆరిన కొలిమి చల్లదనం ఉంది.

"సోలాంజ్, నా మాట కాస్త విను..."

గొట్టాన్ని అక్కడే వదిలి ఆమె తలుపు దాకా నడిచి ఆగింది.

"మేడమ్ థిబో అనండి," అంది.