పిగిలి ఉన్న గుట్ట

మా చిన్నప్పుడు... నేరేడ్‌మెట్‌లో మా ఇంటి వెనుక గోడ దూకితే గుట్టే. పెద్ద పెద్ద బండలు, వాటి సందుల్లో సీతాఫలం చెట్లు, పరికి ముళ్లు... మోకాళ్లు చీరుకుపోయి ఇంటికి రావడం, అమ్మ చేత తిట్లు తినడం మాకు రోజూ ఉండేదే.

పక్కింట్లో రూతు టీచరమ్మ ఉండేవారు. ఒంగోలు వైపు మనిషి. ఇక్కడి బడిలో తెలుగు చెప్పి రిటైరయ్యారు. తెల్లారగానే గుట్టెక్కి ఒక పిట్ట కోసం కూర్చునేవారు. బూడిద రంగు ఒళ్లు, గొంతు కింద పసుపు... మాతో మాత్రం దాన్ని 'కొండ బుల్‌బుల్' అనేవారు.

"ఇది ఊళ్లోకి రాదే అమ్మాయ్. మన దక్షిణాది రాతి గుట్టల మీదే, అదీ ఎక్కడో కొన్నిటి మీదే ఉంటది. బండా కావాలి, పొదా కావాలి. ఏది పోయినా ఇది బతకదు."

"పక్క గుట్టకు పోదా టీచరమ్మా?"

"ఇన్ని ఇళ్లు దాటి ఎట్లా పోద్దే?"

ఆ ఏడే గుట్ట కొట్టి ప్లాట్లు వేస్తారన్న మాట మొదలైంది. మా అమ్మ మాత్రం "గింతంత పిట్ట కోసం టీచరమ్మ గింత పరేషాన్ అయితుంది ఏందీ" అని నవ్వేది. టీచరమ్మ మున్సిపాలిటీ ఆఫీసుకు అర్జీ రాశారు. ఆమె చెయ్యి వణికేది. నా దస్తూరికి బడిలో బహుమతి వచ్చింది. అందుకని ఫెయిర్ కాపీ నన్ను రాయమన్నారు.

అర్జీ చిన్నదే... "మా ఇళ్ల వెనుక ఉన్నది పిగిలి ఉన్న గుట్ట. కావున తమరు వెంటనే తగిన చర్య తీసుకోగలరు."

పిగిలి ఏమిటి, నా మొహం... తెలుగు టీచరమ్మే గుడి తప్పుగా పెట్టారనుకున్నాను. చక్కగా దిద్ది 'పగిలి ఉన్న గుట్ట' అని రాశాను. ఆమె తప్పు ఆమెకు చెప్పకుండా దిద్దానని ఎంత పొంగిపోయానో... నా మీద నమ్మకంతో చదవకుండానే సంతకం చేశారు.

నెల తిరగకుండా జీపు వచ్చింది. బండలకు సున్నంతో గుర్తులు పెడుతుంటే టీచరమ్మ అడ్డం వెళ్లారు.

"పగిలిందని మీరే రాసిన్రు గద మేడం. ఎప్పుడు ఇండ్ల మీద పడతదో అని కొట్టెయ్యమని ఆర్డర్ సుత అయిపోయింది. కాయిదం చూడున్రి," అన్నాడు వచ్చినాయన.

ఆమె చదివారు. చాలాసేపు చదివారు. నేను గోడ దగ్గరే నిలబడి ఉన్నాను. నా వైపు చూడనైనా చూడలేదు.

"నేనే రాశాను. పిగిలి అంటే బుల్‌బుల్ పిట్ట బాబూ. రాయడంలో నాదే తప్పు."

"ఇప్పుడేం జేస్తం మేడం," అని ఆయన జీపెక్కాడు.

అప్పుడైనా నేను నోరు విప్పాలి కదా... విప్పలేదు. తిడతారని భయం.

పది రోజులు బండల్లో తూటాలు పేలాయి. ఇంట్లో గిన్నెలు అదిరేవి. ఊళ్లోకి రాదన్న ఆ పిట్ట మా పిట్టగోడ మీదికి వచ్చి కూర్చుంది. మూడు రోజులు... ఒక్క కూత లేదు. టీచరమ్మ గిన్నెలో నీళ్లు పెడితే ముట్టలేదు. నాలుగో రోజు లేదు.

ఆమె తర్వాత బోయిగూడలో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయారు. పోయేముందు నాకు తన తెలుగు నిఘంటువు ఇచ్చారు. ఆ మాట ఎత్తలేదు. 'ప' అక్షరం పేజీలు నేను ఇంతవరకు తెరవలేదు. ఆమె చనిపోయారని కూడా ఆలస్యంగా తెలిసింది. క్షమించమని అడగడానికి ఆ మనిషే లేరు ఇక.

ఇప్పుడు పద్మారావు నగర్‌లో ఉంటాను. కేబుల్ తీగల మీద మామూలు బుల్‌బుళ్లు బోలెడు. ఏది కూసినా చేతిలో పని ఆగిపోతుంది... అది కాదని తెలిసీ కిటికీ దాకా వెళ్తాను. గుట్ట ఉన్నచోట అయిదంతస్తులు లేచాయి. కొట్టేవాళ్లు ఎలాగూ కొట్టేవాళ్లే అంటారు మా ఆయన. కావచ్చు... కానీ కొట్టమని అర్జీ పెట్టింది నా దస్తూరి.

మీ ఇళ్ల దగ్గర కూడా గుట్టలు ఉండేవి కదూ... వాటి మీద ఏ పిట్టలు ఉండేవో మీ పెద్దవాళ్లను అడిగి చెప్పండి. పేరు మీకు తెలియనిదైతే, దయచేసి దిద్దకండి... వాళ్లు ఎలా చెబితే అలాగే రాయండి.