పుస్తకం మూసి చెప్పుకున్న పాఠాలు

మాచర్ల నుంచి ఇంటర్మీడియట్ చదవడానికి గుంటూరు వెళ్లినవాళ్లలో మా వీధివాళ్లం ఇద్దరమే. మాది బజారులో కిరాణా కొట్టు. రెండోవాడు నా స్నేహితుడు; అతని తండ్రి, తురకల పెద్దాయన, మా కొట్టు పక్కనే తాళాలూ పెట్రోమాక్స్ దీపాలూ బాగుచేసేవాడు. రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. గుంటూరులో ఇద్దరం ఒకే గదిలో అద్దెకుండేవాళ్లం.

మాకు తెలిసిన చదువల్లా బట్టీ. అందులో అతన్ని మించినవాడు లేడు. గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఇంగ్లీషు పేజీలు పొల్లుపోకుండా అప్పజెప్పేవాడు. ఒకరోజు ఫిజిక్సు లెక్చరరు అతన్ని లేపి, "ఇనుప మేకు నీళ్లలో మునుగుతుంది, ఇనుప ఓడ తేలుతుంది. ఎందుకు?" అని అడిగారు. అతను సూత్రమంతా గడగడా చదివాడు.

"అది పుస్తకం చెప్పింది. నువ్వు చెప్పు" అన్నారాయన.

అతను మళ్లీ అదే సూత్రం అందుకున్నాడు. క్లాసంతా నవ్వింది. నాకూ జవాబు తెలియదు. నన్ను అడగలేదు, అంతే.

ఆ ఏడాది ఇద్దరం అత్తెసరు మార్కులతో గట్టెక్కాం. వేసవిలో వాళ్ల దుకాణంలో ఇద్దరం కూర్చుని చదువుతుంటే అతని తండ్రి, "ఏందిరా అది? నాక్కూడా అర్థమయ్యేట్టు చెప్పు" అన్నాడు. అతను పుస్తకం మూసి, దీపంలో గాలి కొడితే కిరసనాయిలు పైకెందుకు ఎక్కుతుందో తెలుగులో చెప్పబోయాడు. సగంలో ఆగిపోయాడు. పుస్తకం తీసి ఆ ఒక్క ముక్కా చూసుకుని, మూసి, మళ్లీ మొదటినుంచి చెప్పాడు. పెద్దాయన తలూపాడు. నాకూ ఆ పాఠం అప్పుడే అర్థమైంది.

రెండో ఏడు ఆ పద్ధతే పట్టుకున్నాం. పొద్దున విన్న పాఠాన్ని సాయంత్రానికల్లా ఒకరికొకరం తెలుగులో చెప్పుకోవడం, తడబడినచోట మాత్రమే పుస్తకం తెరవడం, ఆ తర్వాత ఇంగ్లీషులో సొంత మాటల్లో రాయడం. అర్ధసంవత్సర పరీక్షల్లో ఫిజిక్సులో అతనిదే మొదటి స్థానం.

నెల తిరక్కుండా అతని తండ్రికి పక్షవాతం వచ్చింది. దుకాణం చూసే దిక్కులేదు. అతను మాచర్ల రైలెక్కుతూ, "పరీక్షలకి వస్తాలేరా" అన్నాడు. రాలేకపోయాడు.

నేను పాసై డిగ్రీలో చేరాను. సెలవులకు వెళ్లినప్పుడల్లా అతని దుకాణంలో కూర్చుని, నేర్చుకున్నవి చెప్పేవాణ్ణి. అతను చేతిలో పని ఆపి వినేవాడు. నాకు తట్టని ప్రశ్నలు వేసేవాడు. ఒక వేసవిలో మాత్రం నన్ను మధ్యలోనే ఆపాడు.

"ఇంక నాకు చెప్పమాకరా."

"ఏం, అర్థం కావట్లేదా?"

"చానా బాగా అర్థమవుతంది. నువ్వు పోయినాక పని మీద మనసు నిలవట్లా."

నేను లేచి వచ్చేశాను. తర్వాత ఎప్పుడు కలిసినా వానల గురించీ పిల్లల గురించీ మాట్లాడుకున్నామేగాని, చదువు ఊసెత్తలేదు.

తర్వాత నేనూ లెక్చరరునై చాలామందికి పాఠాలు చెప్పాను. మొదటి ఏడాదే ఎవరైనా మా చేత పుస్తకం మూయించి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. పెద్దాయన జబ్బు దానివల్ల ఆగేది కాదు. అతనికి చదువులోని సంతోషం ఇంకో ఏడాది దక్కేది.