నలభై అడుగుల దగ్గర రెండో చెయ్యి

దయ్యాలను నేను నమ్మను. ఇలాంటివి రాసేవాళ్లందరూ మొదట ఈ మాటే అంటారని నాకూ తెలుసు. కానీ మా ధర్మవరంలో ఎవరైనా ఫలానా చోట ఏదో కనిపించిందని చెప్తే, "గ్రాఫు ఉందా?" అని అడిగి అందర్నీ నవ్వించేవాణ్ణి. నేను పట్టుచీరల అంచులకు, కొంగులకు కంప్యూటర్లో డిజైన్లు గీస్తాను. గ్రాఫు అనే గళ్ల కాగితం మీద ఏ గడి నిండితే మగ్గం మీద ఆ పోగే లేస్తుంది. మనిషి పొరబడతాడు కానీ గ్రాఫు పొరబడదని నా నమ్మకం. నన్ను ముంచింది ఆ నమ్మకమే.

మంజుది హిందూపురం. వాళ్లన్న నడిపే సెల్‌ఫోన్ రిపేరు షాపులోనే మంజు పని చేసేవాడు. పాలిటెక్నిక్‌లో మాది ఒకే బెంచీ, ఒకే పిచ్చి: విమానాలు. ఇద్దరిలో ఒక్కడూ విమానం ఎక్కిన పాపాన పోలేదు. మా రెండు ఊళ్లకూ మధ్యలో ఉందని పెనుకొండలో ఎరువుల అంగడి పైన ఒక గది అద్దెకు తీసుకున్నాం. ఆదివారం పొద్దున అతను ఆ వైపు రైల్లో వచ్చేవాడు, నేను ఈ వైపు రైల్లో. ఆరేళ్లు అలా గడిచాయి. చుట్టాల పెళ్లిళ్లు ఎగ్గొట్టి తిట్లు తిన్నాం కానీ ఆదివారం మాత్రం ఎగ్గొట్టలేదు.

గదిలో మేము కట్టుకున్నది సిమ్యులేటర్, అంటే పెద్ద విమానంలో పైలట్లు కూర్చునే ముందుభాగానికి నమూనా. రెండు పాత కారు సీట్లు, మూడు తెరలు, ఒక్కో సీటు పక్కన విమానాన్ని నడిపే ఒక్కో కర్ర. ఫ్లై-బై-వైర్ రకం. అంటే పైలట్ చేతికీ రెక్కలకూ నేరుగా లంకె ఉండదు. కర్ర లాగితే ఆ సంగతి కంప్యూటర్‌కు చేరుతుంది, ఎంత కదపాలో అది చూసుకుంటుంది.

ఇళ్లలో ఆడుకునే సిమ్యులేటర్లలో ఈ తీరు సరిగా కుదరదు. ముఖ్యంగా దిగేటప్పుడు, చివరి యాభై అడుగుల్లో. అసలు విమానంలో అక్కడ కంప్యూటరే మెల్లగా ముక్కు దించుతుంది. పైలట్ కర్రను కొంచెం కొంచెంగా వెనక్కి లాగి దాన్ని నిలబెట్టాలి. ఎంత దించాలి, ఎప్పుడు దించాలి అని ఆ యాభై అడుగుల మీదే ఆరేళ్లు కొట్లాడుకున్నాం. ప్రతి ల్యాండింగ్‌లోనూ రెండు కర్రలూ ఎంత కదిలాయో గీతలుగా నమోదయ్యేలా మంజే ఒక ప్రోగ్రాం రాశాడు.

ఇంకో సంగతి చెప్పాలి. ఈ రకంలో రెండు కర్రలకూ ఒకదానికొకటి లంకె లేదు. పక్కవాడు లాగితే నా కర్ర కదలదు. ఇద్దరూ ఒకేసారి లాగితే కంప్యూటర్ ఆ రెంటినీ కలిపేసి, "డ్యూయల్ ఇన్‌పుట్" అని గొంతుతో హెచ్చరిస్తుంది. మా నాయన నలభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్న మనిషి. పెద్ద అంచు చీరకు మగ్గం మీద ఇద్దరుంటారు, చెరో పక్క నుంచి పోగును మోసుకెళ్లే నాడె విసురుతారు. పక్కవాడి చెయ్యి కాస్త బిగిసినా పోగులో తెలిసిపోతుంది. అందుకే ఈ సంగతి ఆయనకు మింగుడుపడలేదు.

"పక్కనోని చెయ్యి తెల్దంటే ఎట్లబ్బా? ఒకరినొకరు నమ్మేదెట్ల?" అన్నాడు.

నాయనకు పాతకాలపు బుద్ధి అనుకున్నాను.

మేము పెట్టిన వీడియోలు చూసి, బెంగుళూరులో పైలట్లకు శిక్షణ ఇచ్చే చోటి నుంచి ఒక పెద్దాయన మా గదికి వచ్చాడు. సిమ్యులేటర్ తీరు సరిచేసే పనికి వాళ్లకు ఒక మనిషి కావాలట. ఒక్కడే. ఇద్దరిలో ఎవరికి వచ్చినా సంతోషమేనని పైకి అనుకున్నాం. నేనైతే నాకే రావాలని వెంకటరమణస్వామికి మొక్కుకున్నాను, అబద్ధం ఎందుకు.

ఎడమ సీట్లో నేను, కుడి సీట్లో మంజు. వచ్చినాయనకు గోలగా ఉంటుందని ఆ పొద్దు హెచ్చరికల గొంతు మంజే ఆపేశాడు. బెంగుళూరు రన్‌వే మీదికి చక్కగా దింపుకొస్తున్నాను. నలభై అడుగుల దగ్గర ముక్కు ఒక్కసారిగా లేచింది. విమానం గాల్లో తేలి, దబ్బున పడింది. తోక నేలకు తగిలిందని తెర మీద ఎర్ర అక్షరాలు. పెద్దాయన మంజును చెయ్యమన్నాడు. మంజు పువ్వు పెట్టినట్టు దింపాడు. పని అతనికే అన్నాడు పెద్దాయన.

పెద్దాయన వెళ్లిపోయాక నేను గీతలు తీశాను. నా కర్ర గీత ఎప్పటిలాగే ఉంది. కుడి కర్ర గీత నలభై అడుగుల దగ్గర నిట్టనిలువుగా లేచి, రెండు సెకన్లుండి పడిపోయింది.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నా గ్రాఫు పట్టింది అనుకున్నాను. ఆరేళ్లు పక్కన కూర్చుని ఒకే క్యారియర్లో తిన్నవాడు, నా చెయ్యి ఎక్కడ తడబడుతుందో తెలిసినవాడు, సరిగ్గా ఆ చోటే చూసి లాగాడు.

"మాయమ్మ మీద ఒట్టురా, నేనేం ముట్టల్యా" అన్నాడు మంజు.

"గ్రాఫు అబద్ధం చెప్తాదా?" అన్నాను.

మంజు తన కర్ర పీకి సంచిలో వేసుకుని మెట్లు దిగిపోయాడు. దొంగపని చేసేవాడు ఆ పనిని తానే రాసిన ప్రోగ్రాంలో ఎందుకు వదిలేస్తాడన్నది ఆ కోపంలో నాకు తట్టనే లేదు. నమ్మించి గొంతు కోశాడని పాలిటెక్నిక్ వాళ్లందరికీ ఫోన్లు చేసి చెప్పాను.

ఆ తర్వాత ఆదివారాలు ఒక్కణ్ణే వెళ్లేవాణ్ణి. హెచ్చరికల గొంతు మళ్లీ పెట్టుకున్నాను. మూడో ఆదివారం, మిట్టమధ్యాహ్నం, కిటికీ తెరిచే ఉంది, కింద అంగట్లో బస్తాలు దించుతున్నారు. అదే రన్‌వే. సిమ్యులేటర్ ఎత్తును "ఫిఫ్టీ, ఫార్టీ" అని అడుగుల్లో చదివింది. వెంటనే "డ్యూయల్ ఇన్‌పుట్" అంది. ముక్కు లేచింది.

కుడి సీటు పక్కన కర్ర తీసేసిన తొర్ర తప్ప ఏమీ లేదు. గీతలు చూశాను. ఖాళీగా ఉండాల్సిన కుడి గీత నిట్టనిలువుగా లేచి, రెండు సెకన్లుండి పడిపోయింది.

మొదట మంజు ఏదో మెలిక పెట్టి పోయాడనుకున్నాను. ఇంటర్నెట్ తీగ పీకేశాను. కంప్యూటర్ మొత్తం తుడిచి, మంజు రాసిన ముక్క ఒక్కటీ లేకుండా అన్నీ కొత్తగా ఎక్కించాను. గీతల ప్రోగ్రాం కూడా నేనే మళ్లీ రాసుకున్నాను. నా కర్ర కూడా మార్చాను. రెండు వారాలు ఏమీ లేదు. తర్వాత మళ్లీ వచ్చింది, అదే నలభై అడుగుల దగ్గర. పాత గీతనూ కొత్త గీతనూ అచ్చు తీసి, చీరల డిజైన్లు సరిచూసినట్టు కిటికీ అద్దం మీద ఒకదానిమీద ఒకటి పెట్టి చూశాను. ఒకే గీతలా కనిపించాయి.

అప్పటికీ మంజు మీద కోపం పోలేదు. ఇదీ అతని పనేనని మనసులో ఒక మూల పట్టుకుని కూర్చున్నాను.

ఒక ఆదివారం నాయనకు పెనుకొండలో ఏదో పనుండి నాతో వచ్చాడు. గదిలో కూర్చోవడానికి ఇంకో సీటు లేదు కాబట్టి కుడి సీట్లో కూర్చున్నాడు. ఒళ్లో కాగితం పరుచుకుని ఉడకబెట్టిన చెనక్కాయలు ఒలుస్తున్నాడు. నేను దిగుతున్నాను. ఫిఫ్టీ. ఫార్టీ. "డ్యూయల్ ఇన్‌పుట్."

నేను దిగ్గున తిరిగి చూశాను. నా మొహం ఎలా ఉందో ఏమో, నాయన చెనక్కాయలున్న రెండు చేతులూ పైకెత్తాడు.

"నేనేం ముట్టల్యా అబ్బా!"

నాయన కాయలు పక్కన పెట్టి, మెల్లగా అన్నాడు. "మంజు గూడ ఇదే మాట అన్యాడంటివి గదప్పా."

ఆ పొద్దు నాయనను ధర్మవరం బండి ఎక్కించి, నేను హిందూపురం బండి ఎక్కాను. మంజు బెంగుళూరులో ఉంటాడు కదా, అక్కడి కొత్త నంబరు వాళ్లన్నను అడుగుదామనుకున్నాను. షాపులోకి వెళ్తే బల్ల మీదికి వంగి, ఎవరిదో ఫోను విప్పుకుని మంజే కూర్చున్నాడు.

"వీడు బెంగుళూరికి యాడ పోయినాడు? ఆ వారమే రానని చెప్పేసినాడు" అన్నాడు వాళ్లన్న. "పోతే ఓబులేసు చెప్పిందే నిజమైతాదంట."

మంజు మాటనే వాళ్లన్న అప్పజెప్పాడు; ఓబులేసు అంటే నేనే.

కాగితాలు తీసి బల్ల మీద పరిచాను. కర్ర లేకుండా వచ్చిన గీతలు, నాయన చేతులు నా కళ్లెదుట ఉండగా వచ్చిన గీత, అన్నీ చూపించాను. నువ్వు చెయ్యలేదు మంజూ, ఇవిగో చూడు అన్నాను. అతను కాగితాల వైపు చూడలేదు.

"మాయమ్మ మీద ఒట్టేస్తే నమ్మల్యా. ఆ పొద్దు కాగితం చూసి దొంగనంటివి. ఈ పొద్దు కాగితం చూసి కాదంటాండావు. రేపు ఇంగో కాగితమొస్తే?"

నేను కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాను. అతను మళ్లీ ఫోను మీదికి వంగాడు. వాళ్లన్న కాఫీ తాగిపొమ్మన్నాడు. నేను ఆగలేదు.

ఇది జరిగి ఏడాది దాటింది. మంజు నా ఫోను ఎత్తడు. తెలిసినవాళ్లందరికీ చూపించాను, తీగల్లో లోపమన్నవాళ్లున్నారు. అయితే అది నలభై అడుగులనే ఎందుకు ఎంచుకుంటుందంటే ఎవరూ చెప్పలేదు. నాకూ తెలియదు. మొదటిరోజు లాగిన చెయ్యి మంజుదేనేమోనని ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది, చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. అలా అనిపించినప్పుడు సొరుగులోంచి ఆ కాగితాలు తీస్తాను. మంజు అడిగింది గుర్తొచ్చి, వెలుతురుకు ఎత్తి చూడకుండానే మళ్లీ లోపల పెట్టేస్తాను.