బావ పొలంలో ఫిరీ గడ్డి

అప్పట్లో యాసంగి కోతలు అయిపోయాక బాన్సువాడ చుట్టుపక్కల సాయంత్రాలకు ఒక ప్రత్యేకమైన రంగు ఉండేది. (ఏ రంగని అడక్కండి, నాకు తెలిసినవి మైకు వైర్ల ఎరుపూ నలుపూ రెండే.) హార్వెస్టర్ వెళ్ళిపోయిన మళ్ళలో కోయగా మిగిలిన వరి మొదళ్ళు కొయ్యకాళ్ళై నిలబడితే, వాటి మీద గడ్డి వరసలు వరసలుగా పడుండేది. ఎవరో ఒకరు అగ్గిపుల్ల గీసేవాళ్ళు. పొగ నిదానంగా లేచి, వంగి, కాలువ మీద పాత దుప్పటిలా పరుచుకునేది. ఎక్కడో ట్రాక్టరు దగ్గేది, ఎక్కడో మనుషులు. ఆ పొగలోంచి ఒక గొంతు తేలుతూ వచ్చేది: "రైతు సోదరులారా! కొయ్యకాళ్ళు కాలవెట్టకుండ్రి..." ఆ గొంతు నాదే. కాలువ కట్టకు తగిలి తిరిగొచ్చి మళ్ళీ నా చెవిలోనే పడేది. ఎవరో పెద్దమనిషి ఎంత మంచి మాట చెప్తున్నాడో అని నాకే ముచ్చటేసేది.

తొమ్మిదో తరగతిలో బడికీ నాకూ పడలేదు. నేనే మానేశానని మా ఇంట్లో చెప్పుకుంటారు గానీ, బడి నన్ను మానేసిందనడమే న్యాయం. ఇగ బాన్సువాడలో ఒక మైకు దుకాణంలో చేరాను. యజమానిని అందరం బాబాయ్ అనేవాళ్ళం. ఆయన తాతలు కాలువ నీళ్ళను నమ్ముకుని కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు చేసుకున్నవాళ్ళు. వస్తూ వస్తూ యాసను మూటగట్టుకొచ్చారు, ఆ మూట బాబాయ్ ఇంకా విప్పుతూనే ఉన్నాడు. ఆ ఎండాకాలం వ్యవసాయం ఆఫీసువాళ్ళు, ఆటోకు మైకు కట్టి కోటగిరి వైపు ఊళ్ళు తిరగమన్నారు. "పర్యావరణ పరిరక్షణ" అని పలకమన్నారు. ఆ మాట దగ్గరికి రాగానే నా నాలుక గుంతలో దిగబడ్డ ఆటో చక్రమయ్యేది. బాబాయ్ ఒకరోజు విని తల పట్టుకున్నాడు.

"ఏరా, గడ్డి కాల్చొద్దంటున్నావా, పెళ్ళి భోజనాలకి రమ్మంటున్నావా?"

"గొంతే అంత బాబాయ్. ఏం చెప్పినా పిలిచినట్టే ఉంటది."

జనం వినేవాళ్ళు, కాదనను. మెచ్చుకునేవాళ్ళు కూడా. ఒక అవ్వ ఆటో ఆపి, "గొంతు మంచిగుంది బిడ్డా. మా మేక తప్పిపోయింది, గది గూడ ఒక్కసారి చెప్పరాదు" అంది. చెప్పాను. పొద్దుగూకేలోపు మేక దొరికింది. కొయ్యకాళ్ళు మాత్రం నా వెనకాలే కాలుతూ వచ్చేవి. వాళ్ళనేం అనగలం? వానాకాలం నాటు నెత్తి మీదికొస్తుంటే అంత గడ్డి ఎత్తేదెవరు?

మా అక్కనిచ్చింది కూడా ఆ ఊళ్ళలో ఒకదానికే. బావ పొలం చివర కాలువ కట్ట మీద ఒక ఈతచెట్టు, దాని నిండా గిజిగాని గూళ్ళు. గాలి వస్తే అన్నీ ఒక్కసారే ఊగేవి. చెట్టు నిద్రలో తల ఊపుతున్నట్టుండేది. అక్క దాని నీడలో కూర్చునే సద్ది తినేది. పక్కనే ఇంకో ఈతచెట్టు ఉండేది. నిరుడు బావ పెట్టిన మంట కట్ట ఎక్కి దాన్ని గూళ్ళతో సహా కాల్చేసింది. ఈసారి హార్వెస్టర్ వెళ్ళగానే అక్క నా ఆటోకు అడ్డం నిలబడింది.

"తమ్మీ, ఊరందరికి చెప్తున్నవు. మీ బావకు చెప్పరాదు? గీ చెట్టు గూడ పోతే నేను తట్టుకోలేను."

"బావ ఇంటడా అక్కా?"

"నా మాటైతే ఇంటలేడు. నువ్వు మైకు గదా!"

వెళ్ళాను. బావ ఒడ్డు మీద కూర్చుని బీడీ తాగుతున్నాడు. నేలలో ఎర్రలు చచ్చిపోవడం దగ్గర మొదలుపెట్టి, చిన్నపిల్లల ఊపిరితిత్తుల దాకా వచ్చాను.

"మైకు బంద్ వెట్టి మాట్లాడు బామ్మర్దీ, చెవులు పోతున్నయ్."

"మైకు బందే ఉంది బావా. గిది నా గొంతే."

"మంచిగ చెప్పినవ్. రేపు పొద్దుగూకంగ అంటువెడత. గడ్డి ఎవడెత్తాలె? నువ్వెత్తుతవా?"

తిరిగి వస్తుంటే అవ్వ మేక గుర్తొచ్చింది. "వద్దు" అంటే చెవిన పెట్టని ఊరు, మేక అనగానే కదిలింది కదా! మర్నాడు బావ పని మీద బోధన్ బస్సెక్కగానే అక్కకు నా ఉపాయం చెప్పాను. "నాకు తెల్వదు, నేను ఇనలేదు" అని నవ్వుకుంటూ లోపలికి పోయింది. అంతకన్నా గట్టి అనుమతి ఏముంటుంది! ఆటో ఎక్కి మైకు అందుకున్నాను.

"రైతు సోదరులారా! మా బావ పొలంల ఉన్న గడ్డంతా ఫిరీ! ఎవరి బర్రెకు ఎంత గావాల్నంటే గంత!"

నా గొంతుకు తగిన మాట జీవితంలో మొదటిసారి దొరికింది. జనం తాళ్ళతో వచ్చారు, ఎడ్లబండ్లతో వచ్చారు. మద్నూర్ వైపు నుంచి ఒక జీపులో మరాఠీవాళ్ళు కూడా దిగారు. (వాళ్ళ మాటలు అర్థం కాలేదు, సంతోషం అర్థమైంది.) ఎండలో కట్ట మీద గడ్డిమోపులు వాటంతట అవే నడిచిపోతున్నట్టున్నాయి, కింద మనుషులు కనపడటం లేదు. నేను ఈతచెట్టు కింద ఆటోలో వెనక్కి వాలి, తలపైన గూళ్ళు ఊగుతుంటే, ఈ లోకం బాగుపడిపోయిందనుకుంటూ కునుకు తీశాను.

లేచేసరికి బావ నిలబడి ఉన్నాడు. చేతిలో అగ్గిపెట్టె. పొలం తల దువ్వినట్టు శుభ్రంగా ఉంది. బావ మాత్రం పొలాన్ని చూడటం లేదు, మూలకు చూస్తున్నాడు. బర్రెకు ఏడాది పొడుగునా సరిపడేలా మోపు మోపు కట్టి పేర్చుకున్న గడ్డివాము ఉండాల్సిన చోట గుండ్రటి మచ్చ ఒకటే ఉంది.

మేక అవ్వ ఆఖరి మోపు బిగిస్తోంది.

"అవ్వా! గది వాముల గడ్డి గదా!"

"గడ్డంతా అని నువ్వే అంటివి గద బిడ్డా. గంత పెద్ద మైకుల చెప్పి ఎనుకకు తీసుకుంటవా?"

"ఇగ నా బర్రె ఏం తినాలెర?" అన్నాడు బావ. "నీ ఉపన్యాసమా?"

కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతున్న అక్క తీర్పు చెప్పేసింది: "వాము పోతే పోయింది, తమ్ముడున్నడు గద. కోసుకొస్తడు."

బావ అగ్గిపుల్ల గీశాడు. నేను ఈతచెట్టుకు అడ్డం జరిగాను. బీడీ ముట్టించుకున్నాడు. కాల్చడానికి ఆ పొలంలో ఇంకేం మిగిలింది? పైన గడ్డి లేనిదే వట్టి కొయ్యకాళ్ళు అంటుకోవు. కాలువకు నీళ్ళొదలగానే కొయ్యకాళ్ళను ఆ నీళ్ళలోనే దున్నించాడు. నేను వానలు పడేదాకా తెల్లారగానే కట్ట మీద పచ్చగడ్డి కోసి బర్రె ముందు వేశాను. వేసేటప్పుడు సాధన కోసం దానికి నా ప్రసంగం మొత్తం వినిపించేవాణ్ణి. "పర్యావరణ పరిరక్షణ" తడబడకుండా పలకడం దాని దగ్గరే నేర్చుకున్నాను. తొలివానకు గిజిగాళ్ళు వచ్చి, పాత గూళ్ళ పక్కన కొత్తవి అల్లడం మొదలుపెట్టాయి.

ఇప్పుడు గడ్డిని చుట్టలు చుట్టే మిషన్లొచ్చాయి. పొగ తగ్గింది గానీ పూర్తిగా పోలేదు. జనానికి గాలి మీదా నేల మీదా ప్రేముంటుందా అని ఎవరైనా అడిగితే, ఉంటుందనే చెప్తాను. కాకపోతే ఆ ప్రేమ వాళ్ళ బర్రె కడుపు మీదుగా రావాలి, దారి చూపేవాడు తన వాము ఎక్కడుందో ముందే చూసుకోవాలి. నాకిప్పుడు సొంత ఆటో ఉంది. మైకులో మాట్లాడేది పెన్‌డ్రైవు, అందులో ఉన్నది ఆనాటి నా గొంతు. ఆ ఊరి మీదుగా వెళ్తుంటే, లోకాన్నంతా గడ్డి తినడానికి పిలుస్తున్నట్టున్న ఆ పిల్లగాడి గొంతు విని నాకు నవ్వొస్తుంది, కొంచెం బెంగ కూడా. జనం ఎవరి పనిలో వాళ్ళుంటారు. ఈతచెట్టు కింద కట్టేసిన బావ ముసలి బర్రె ఒక్కటే తలెత్తి చెవులు రిక్కిస్తుంది. ఇగ ఆటో ఆపి, మైకు బంద్ పెట్టి, కట్ట మీద నాలుగు పరకలు కోసుకుని వెళ్తాను.