చివరిసారి చెయ్యి పెట్టిందెక్కడ

లైబ్రరీలో బైండింగ్ సెక్షన్ మూతపడి పన్నెండేళ్లయినా ఆవిడ పేరు మాత్రం బైండింగక్కే. పెద్దాఫీసరు దగ్గర నుంచి వాచ్‌మన్ దాకా అందరూ అలాగే పిలుస్తారు. ఇప్పుడామె చూసేది కంప్యూటర్లని. మేడమెట్ల కింద, ఒకప్పుడు జిగురు ఉడికించిన గదిలోనే ఒక సర్వరు, దాని పక్కన నెట్‌వర్క్ కేబుళ్లన్నీ వచ్చి కలిసే, చిన్న చిన్న దీపాలు వెలిగే స్విచ్ పెట్టె, ఒక బల్ల, ఒక స్టూలు. గోడకున్న మేకుకి ఆనాటి సూదులు, దారం ఉండలు ఇంకా వేలాడుతూనే ఉన్నాయి. వాటిని తీసేయమని ఎవరైనా అంటే, "మీ కళ్లకేమైనా గుచ్చుకుంటున్నాయా?" అని అడుగుతుంది. అడిగినవాళ్లు మళ్లీ అడగరు.

బైండింగ్ ఎత్తేసినప్పుడు ఆమెకి రెండు దారులు చూపించారు. గేటు దగ్గర కూర్చుని వచ్చేవాళ్ల సంచులు దాచిపెట్టడం, లేదంటే కంప్యూటర్లు నేర్చుకోవడం. సంచుల పని చూస్తే రెండో రోజుకే నిద్ర ముంచుకొచ్చేలా ఉంది. నలభై అయిదేళ్ల వయసులో, సర్వర్లని నడిపే లినక్స్ నేర్చుకోవడానికి కూర్చుంది. "ఈ వయసులో నీకెందుకే!" అన్నవాళ్లు అన్నారు. అనేవాళ్లకేం, వాళ్ల నోరు వాళ్లిష్టం. ఆమెకి మాత్రం లినక్స్ స్వభావం మొదటి నెలలోనే నచ్చింది. బతిమాలితే వినదు, కోప్పడితే వినదు, సరిగ్గా చెబితే మాత్రం తు.చ. తప్పకుండా వింటుంది. బైండింగూ అంతే. పుట తప్పు పెట్టి కుట్టాక ఎంత జిగురు పూసినా లాభం లేదు.

పాత పనిలోంచి రెండు అలవాట్లు కొత్త పనిలోకి తెచ్చుకుంది. ఒకటి, రోజుకి ఒక్క మార్పే. రెండోది, ఏది మార్చినా లావుపాటి నోటుపుస్తకంలో రాసుకోవడం. ఆ పుస్తకాన్ని కుట్టిందీ తనే. మిషను తనంతట తాను చేసుకుపోయే ఏర్పాట్లంటే ఆమెకి నమ్మకం తక్కువ. లోపలున్న ఏ నెట్‌వర్క్ కార్డు పేరుకి ఏ అడ్రసు ఇవ్వాలో అన్నీ తన చేత్తోనే ఫైల్లో రాస్తుంది. "నేను రాసింది నాకు తెలుస్తుంది. అది రాసుకున్నది నాకేం తెలుస్తుంది?" అంటుంది.

పదకొండేళ్లుగా ఆ సర్వరు చేసే పనుల్లో ఆమెకి అన్నిటికంటే ఇష్టమైనది బుధవారం చదువు. ప్రతి బుధవారం పదకొండు గంటలకి రిటైరైన బస్సు కండక్టరొకాయన వచ్చి, పైన చిన్న గదిలో మైకు ముందు కూర్చుని నవల చదువుతాడు. ఆ గొంతు సర్వర్లోకి వచ్చి, రోడ్డు కింద గొట్టంలో వేసిన కేబులు వెంట ఎదురుగా ఉన్న ఆసుపత్రికి పోతుంది. అక్కడ ఆడవాళ్ల ఎముకల వార్డులో గోడకున్న స్పీకర్లలో వినిపిస్తుంది. మంచం దిగలేని ఇరవై మందికి అదే సినిమా, అదే షికారు.

నెలన్నరగా ఆ ఇరవై మందిలో ఆమె పెద్దక్క కూడా ఉంది. తల్లి పోయాక ఆమెని పెంచిన అక్క. కుట్టుమిషన్ల మీద బతుకు వెళ్లదీసి, చెల్లెలికి పని నేర్పించి, పెళ్లి చేసి, డెబ్భై ఏళ్లకి స్నానాలగదిలో జారి తుంటి విరగ్గొట్టుకుంది. షుగరు అదుపులోకి రాక ఆపరేషను వాయిదా పడుతూ వచ్చి, చివరికి ఈ గురువారం పొద్దున అని డాక్టరు ఖాయం చేశాడు. గుండె కూడా అంత గట్టిది కాదని, మత్తు ఇవ్వడం కొంచెం కష్టమేనని చెప్పాడు. పెద్దక్క అదంతా విని ఒకే ఒక్క షరతు పెట్టింది.

"బుధవారం ఆఖరి అధ్యాయం ఉంది. ఆ పిల్లకి పడవ దక్కిందో లేదో తెలియందే నేను బల్ల ఎక్కను."

నవల్లో పడవ నడిపేవాడి కూతురొకతె ఉంది. తండ్రి పడవని ఎవరో లాక్కున్నారు. దానికోసమే ఈ పంతం. బైండింగక్కకి ఆ కథ సరిగ్గా తెలియదు. ఆరు బుధవారాలూ ఆమె విన్నది గొంతునే తప్ప కథని కాదు. శబ్దం ఎక్కువైందా, తక్కువైందా, బుర్రుమంటోందా అని తెర మీద శబ్దాన్ని కొలిచే సూదిని చూస్తూ కూర్చుంటుంది. వేల పుస్తకాలు కుట్టిన మనిషి, చదివినవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిఠాయి కొట్టువాడికి తీపి మొహం మొత్తినట్టే ఇదీనూ.

బుధవారం పొద్దున తొమ్మిదింటికే వచ్చింది. పెద్దక్క కిందటి వారం ఇంకో మాట కూడా అంది. "మీ కండక్టరు కుండలో తల దూర్చి చదువుతున్నట్టుందే, చిన్నీ!" అందుకే కొత్త సౌండు కార్డొకటి తెప్పించింది. సర్వరు ఆపి, మూత విప్పి, ఖాళీగా ఉన్న సందులో కార్డు బిగించింది. బిగిస్తూ ఉంటే, వెనకాల నెట్‌వర్క్ కేబులు కొక్కెం విరిగి వదులుగా కనిపించింది. ఎలాగూ చెయ్యి పెట్టాను కదా అని దాన్నీ మార్చేసింది. రోజుకి ఒక్క మార్పే అన్న మనిషి ఆ రోజు రెండు చేసింది, రెండోదాన్ని పుస్తకంలో రాయనూ లేదు. అక్కకి ఆపరేషనంటే ఎవరికైనా బుర్ర సగమే పనిచేస్తుంది.

సర్వరు లేచింది. పైనుంచి కండక్టరు "ఒకటీ, రెండూ, మూడూ" అన్నాడు. హెడ్‌ఫోన్సులో ఆయన గొంతు గంటలా మోగింది. బైండింగక్క మొహం వెలిగిపోయింది. ఆసుపత్రికి పంపించబోయింది. అక్కడినుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. నెట్‌వర్కే లేదని తెర మీద ఒక్క వాక్యం కనబడింది.

బాగుచేయబోతే మొదటికే మోసం వచ్చింది.

ముందు కేబుల్నే అనుమానించింది. కొత్తది తీసి పాతది పెట్టింది. లాభం లేదు. మూడోది పెట్టింది. స్విచ్ పెట్టెలో ఒక సందులోంచి ఇంకో సందులోకి మార్చింది. ప్రతిచోటా దీపం పచ్చగా వెలుగుతూనే ఉంది, అంటే తీగ బాగానే ఉంది. ఇక మిగిలింది నెట్‌వర్క్ కార్డు. పదకొండేళ్లుగా కంఠతా వచ్చిన పేరుతో దాన్ని లేపమని సర్వరుకి చెప్పింది. "అలాంటి పరికరం లేదు" అని జవాబు. ఇంకోసారి చెప్పింది. అదే జవాబు. సౌండు కార్డు బిగించేటప్పుడు తన ఒంట్లోని కరెంటు తగిలి అది కాలిపోయిందేమోనని సొరుగు లాగి చూసింది. అందులో విడిగా ఇంకో నెట్‌వర్క్ కార్డు ఒకటుంది కానీ, అది పాతకాలపు సందుకి సరిపోయేది. ఇందులో పట్టదు.

పదీ ఇరవై అయింది. కండక్టరు మెట్లు దిగి వచ్చి తలుపులో నిలబడ్డాడు. చేతిలో వేణ్నీళ్ల ఫ్లాస్కు, చంకలో నవల.

"ఏమ్మాయ్, రైట్ రైట్ అనొచ్చా?"

"బండి కదిలితే కదా బాబాయ్ గారూ, రైట్ అనడానికి!"

"పోనీ నేనే రోడ్డు దాటెళ్లి వార్డులో నిలబడి చదివేస్తే?"

"మైకు లేకుండా ఇరవై మంచాలకి వినపడాలంటే అరవాలి మీరు. మొన్నే కదా గొంతుకి ఆపరేషనయింది! సిస్టరు లోపలికే రానివ్వదు."

 పాపం, ఆయన వెళ్లి మెట్టు మీద కూర్చున్నాడు.

పదిన్నరకి ఆమె ధైర్యం సడలింది. అక్కకి నిజం చెప్పేద్దామని వార్డుకి ఫోను చేసింది. "పద్నాలుగో మంచానికి ఇవ్వండమ్మా" అంది ఆయాతో. కాసేపటికి ఎవరో అందుకున్నారు.

"పెద్దక్కా, ఇవాళ చదువు ఉండేట్టు లేదే. కార్డు కాలిపోయింది. నన్ను క్షమించవే..." అంటూ ఏడుపు గొంతుతో మొదలుపెట్టింది.

"ఎవరమ్మా నువ్వు? నాకు చెల్లెళ్లే లేరే!" అంది అటు ముసలి గొంతు. "ఏం కాలింది? ఎక్కడ కాలింది?"

మధ్యలో ఆయా ఫోను లాక్కుంది. "అయ్యో, మర్చేపోయాను! పొద్దున తలుపు దగ్గర కొత్త మంచం వేశారండి. దాంతో అందరి నంబర్లూ ఒకటి పెరిగాయి. మీ అక్కగారిప్పుడు పదిహేను."

ఫోను పదిహేనుకి చేరింది. పెద్దక్క గొంతు ఎప్పటిలాగే ఉంది, కత్తెరతో గుడ్డ కత్తిరించినట్టు.

"ఏడవకు. చివరిసారి చెయ్యి పెట్టిందెక్కడ?"

చిన్నప్పటి నుంచీ అదే ప్రశ్న. సూది పోయినా, కుట్టుమిషను ఆగినా, పలక కనపడకపోయినా అక్క ముందు అడిగేది అదే.

"కేబులు మార్చాను."

"అంతకు ముందో?"

"నీకోసమే, గొంతు బాగా వినపడాలని కొత్త కార్డు పెట్టాను."

"అయితే అదే. తీసిపారెయ్. కుండలో చదివితే కుండలోనే వింటాను."

"అది వేరే కార్డే. దానికీ దీనికీ సంబంధం లేదు..." అంటూ ఆగిపోయింది. అక్క ఉన్న మంచం అదే, ఒళ్లు అదే, నోరు అంతకన్నా అదే. తలుపు దగ్గర ఒక మంచం కొత్తగా చేరేసరికి పద్నాలుగు అని పిలిస్తే ఇంకెవరో పలికారు.

"పెద్దక్కా, ఫోను పెట్టేస్తున్నా" అంది. పెట్టేసింది కూడా.

ఇంతసేపూ ఆమె కార్డుని పేరుపెట్టి పిలుస్తూనే ఉంది. అసలు లోపల ఎవరెవరున్నారో ఒక్కసారైనా అడగలేదు. పదకొండేళ్లుగా తెలిసిన పేరు కదా, అడగడం దేనికనుకుంది. ఇప్పుడడిగింది. జాబితా వచ్చింది. నెట్‌వర్క్ కార్డు నిక్షేపంగా ఉంది. ఆ మిషను కార్డులకి పేర్లు పెట్టేది అవి కూర్చున్న చోటుని బట్టి. వరుసలో ముందు సౌండు కార్డొచ్చి చేరడంతో ఇది ఒక అంకె వెనక్కి జరిగింది. పేరులో నిన్నటిదాకా మూడు, ఇవాళ నాలుగు. ఫైల్లో మాత్రం ఆమె స్వహస్తాలతో రాసిన మూడే ఉంది. తాను రాసిందే నమ్ముతానన్న మనిషిని, ఆ రాసిందే గంటన్నర ఏడిపించింది. పిల్లని చంకలో పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే మరి.

మూడు కొట్టేసి నాలుగు వేసింది. కార్డుని లేపింది. లేచింది. ఆసుపత్రిలో స్పీకర్లకి గొంతునందించే పెట్టెని పలకరిస్తే వరసగా జవాబులొచ్చాయి. పదీ యాభై రెండు.

"బాబాయ్ గారూ, రైట్ రైట్!" అని మెట్ల మీదికి కేకేసింది. ఆ కేకకి చదువుకునే హాల్లో నలుగురు తలెత్తి చూశారు. లైబ్రరీలో కేకలేమిటని కసురుకోవాల్సిన మనిషే కేకేస్తే ఎవరేమంటారు?

కండక్టరు ఆఖరి అధ్యాయం ముప్పావు గంట చదివాడు. చదవడం అయిపోయాక, బస్సు ఆపే అలవాటు ప్రకారం "హోల్డాన్" అన్నాడు. పది నిమిషాలకి పెద్దక్క ఫోను చేసింది.

"ఎలా వినపడిందే?" అంది చెల్లెలు ఆత్రంగా.

"ఆయన నీళ్లు మింగడం కూడా వినపడింది. మరీ అంత వద్దు, కాస్త తగ్గించు."

"పడవ దక్కిందా మరి?"

"నువ్వక్కడే ఉన్నావు కదే, వినలేదా?"

"సూది చూస్తున్నానే."

అటువైపు పెద్దక్క చాలాసేపు నవ్వింది. తుంటి నొప్పెట్టేదాకా నవ్వి, "అబ్బా!" అని ఆగింది.

"ఒసే పిచ్చిదానా, ఆ నవల నేను మూడుసార్లు చదివాను. నీ పెళ్లికి ముందే చదివాను. నువ్వు పని నేర్చుకుంటూ మొట్టమొదట కుట్టిన పుస్తకం అదే, నా పెట్టెలో ఇంకా ఉంది."

బైండింగక్క స్టూలు మీంచి లేచి నిలబడింది. "మరి ఇంత హడావుడి దేనికి చేశావు? పడవ తెలియందే బల్లెక్కనన్నావు!"

"నీ చేతిలో పని లేకపోతే కూర్చుని ఏడుస్తావు. నువ్వేడుస్తుంటే నాకు భయమేస్తుంది. పొద్దున్నుంచీ నాకు భయం వేయలేదు చూడు."

అక్క భయమనే మాట వాడగా ఆమె వినడం అదే మొదటిసారి. ఫోను పెట్టేశాక స్టూలు మీద కూర్చుని కాసేపు ఏడ్చింది. ఏడిస్తే ఏడ్చింది, అది దిగులుతో వచ్చిన ఏడుపు కాదు. తర్వాత మొహం కడుక్కుని, సర్వర్లో ఆ కార్డుకి శాశ్వతంగా ఒక పేరు పెట్టింది. పుట్టుకతో దానికుండే నంబరుకి ఆ పేరు ముడివేసింది. ఇక దాని పక్కన ఎవరొచ్చి కూర్చున్నా, ఎవరు లేచిపోయినా ఆ పేరుకి ఢోకా లేదు. రాయకుండా వదిలేసిన మార్పులన్నీ నోటుపుస్తకంలో రాసి, చివర "ముందు ఎవరున్నారో అడుగు, తర్వాత పిలువు" అని కూడా రాసుకుంది.

గురువారం పొద్దున పెద్దక్కని లోపలికి తీసుకెళ్లారు. వెళ్లేముందు పెద్దక్క, తన కూతురి చేత ఇంటినుంచి తెప్పించిన పొట్లం ఒకటి చెల్లెలి చేతిలో పెట్టింది. విప్పితే పాత నవల. పుస్తకం వీపు కొంచెం వంకర, ఒకచోట కుట్టు రెండుసార్లు పడింది. పంతొమ్మిదేళ్ల పిల్ల చేతిపని అని చూడగానే తెలిసిపోతుంది. అప్పట్లో ఆ వంకరకి తను ఏడిస్తే, "పుట ఊడకపోతే చాల్లేవే" అని అక్క అన్న మాట గుర్తొచ్చింది. నడవాలో బెంచీ మీద కూర్చుని మొదటి పేజీ తెరిచింది.

రెండున్నర గంటల తర్వాత డాక్టరు బయటికొచ్చి, బాగా జరిగిందని, మెలకువ వచ్చిందని, చెల్లెల్ని పిలుస్తోందని చెప్పాడు. ఆమె గబుక్కున లేచి ఆయన వెనకే నడిచింది. మంచం దగ్గరికి వెళ్లి అక్క చెయ్యి పట్టుకోబోతే, తన వేలింకా ఎనభై రెండో పేజీలోనే ఉంది.

పెద్దక్క మత్తు కళ్లతోనే పుస్తకాన్ని చూసింది.

"ఎక్కడిదాకా వచ్చావే?"

"పడవ పోయింది పెద్దక్కా. చివరేమవుతుందో మాత్రం చెప్పకు."