కుదుపు గారి సంతకం

ఎంత మంచి కారు తెచ్చి ముందు నిలబెట్టినా ఆయన ఎక్కుతాడు, తిప్పుతాడు, దిగుతాడు, తలుపు వేస్తాడు, "కుదుపు ఉంది" అంటాడు. ఒకసారి ఉందన్నాక ఇక లేదనడం ఆయన జన్మలో లేదు. కార్ల కంపెనీలో ఇరవై ఆరేళ్లుగా టెస్ట్ డ్రైవరు. అసలు పేరు ఆఫీసు గుమస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆయన కుదుపు గారే.

కార్లలోనే అయితే పోనీలే అనుకోవచ్చు. క్యాంటీన్ కుర్చీలో కుదుపు. లిఫ్టులో కుదుపు. మంగలి షాపు కుర్చీలోనూ కుదుపే. సగం గెడ్డం మీద సబ్బు నురుగుతోనే లేచి, కుర్చీ కింద దూరి బోల్టు బిగించి, మళ్లీ కూర్చుని మిగతా సగం గీయించుకున్నాడు. లిఫ్టు విషయంలో మూడు వారాలు అలిగి అయిదంతస్తులూ మెట్లెక్కాడు. అందరూ నవ్వారు. నాలుగో వారం ఆ లిఫ్టు రెండో అంతస్తు దాటి ఆగిపోయి, లోపల మేనేజరు గంటన్నర నిలబడ్డాడు. కుదుపు గారు మెట్ల మీద ఆగి, తలుపు సందులోంచి "నేను చెప్పలా?" అని పలకరించి పైకి వెళ్లిపోయాడు.

"నేను పదిసార్లు పిలిచినా వినపడదమ్మా. పక్కింట్లో వాషింగ్ మిషన్ ఒణికితే మాత్రం కంచం ముందునుంచి లేచి వెళ్తారు" అని ఆయన భార్య వాపోయేది.

అలాంటి మనిషి చేతికి చిక్కింది ఇంజనీరమ్మాయి.

ఆమె పని సిలిండర్లని పడుకోబెట్టడం. నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో, బండి చదునైన రోడ్డు మీద తేలిగ్గా పోతున్నప్పుడు నడిమి రెండింటికీ పెద్దగా పనుండదు. వాటి వాల్వులు మూసి, పెట్రోలు ఆపి కాసేపు పడుకోబెడితే ఇంధనం మిగులుతుంది. కాలు గట్టిగా వేయగానే లేపాలి. లోపల కూర్చున్నవాళ్లకి పడుకున్నదీ తెలియకూడదు, లేచిందీ తెలియకూడదు. ఎక్కువ సిలిండర్లుండే పెద్ద ఇంజన్లలో అయితే కొంత నయం. నాలుగింట్లో రెండు పడుకుంటే పనిచేసేవి రెండే కదా, బండి ఒణుకుతుంది. ఆ ఒణుకుని అణిచిపెట్టడానికి అమ్మాయి మూడేళ్లుగా తిండీ నిద్రా మానుకుంది.

రోజూ టెస్ట్ ట్రాక్ మీద ఆయన స్టీరింగ్ ముందు, ఆమె పక్క సీట్లో లాప్‌టాప్‌తో.

"పడుకున్నాయి" అనేవాడు ఆయన.

ఆమె తెర మీద చూసేది. నిజమే, పడుకున్నాయి.

"లేచాయి."

నిజమే, లేచాయి.

"మళ్లీ పడుకున్నాయి. కుదుపు ఉంది."

"బాబాయ్, నేను చూస్తూనే ఉన్నాను. తెర మీద కుదుపేం లేదు."

"నువ్వు చూస్తున్నావమ్మాయ్. నేను కూర్చున్నాను."

మొదట్లో ఆయనదే రైటు. మూడో గేరులో చిన్న ఎత్తు ఎక్కేటప్పుడు, పడుకున్నవి లేచే క్షణంలో, వెనకనుంచి ఎవరో మోకాలితో పొడిచినట్టుండేది. ఆమె సరిదిద్దింది. ఇంకోచోట దొరికింది. అదీ సరిదిద్దింది. ఆరు వారాలయ్యేసరికి ఏ మీటరు పెట్టి చూసినా గీత తిన్నగా వచ్చింది. ఆయన ఫారం మీద మాత్రం రోజూ అదే మాట: కుదుపు ఉంది. ఆయన సంతకం లేనిదే కారు గేటు దాటదు.

మేనేజరు ఆయన్ని పిలిపించాడు.

"ఇంత ఖరీదైన మీటరు ఏమీ లేదంటోందయ్యా."

"మీ మీటరుకి నడుముందా సార్?"

"లేదు."

"మరి?"

మేనేజరు ఆయన్ని డాక్టరు దగ్గరికి పంపాడు. డాక్టరు వెనక నుంచీ ముందు నుంచీ పరీక్షించి, నడుము భేషుగ్గా ఉందని రాసిచ్చాడు. కుదుపు గారు కూడా డాక్టరు కూర్చున్న స్టూల్ని పరీక్షించి, అది మాత్రం బాగాలేదని చెప్పి వచ్చాడు.

ఇలా పన్నెండు వారాలు గడిచాయి. సోమవారం మేనేజరు అమ్మాయితో ఖరాఖండిగా చెప్పేశాడు. "శుక్రవారంలోగా ఆయన సంతకం తీసుకురా. లేకపోతే ఈ పని ఇంకొకరికి ఇస్తాను."

మూడేళ్ల కష్టం ఒక ముసలాయన నడుము మీద ఆగిపోయిందని ఆమెకి ఒళ్లు మండిపోయింది. గురువారం పొద్దున్న ట్రాక్ మీదకి వెళ్లేముందు ఆమె లాప్‌టాప్‌లో ఒక మీట నొక్కింది. ఇక ఆ రోజంతా నాలుగు సిలిండర్లూ మేలుకునే ఉంటాయి. ఒక్కటీ పడుకోదు.

బండి కదిలింది.

"పడుకున్నాయి" అన్నాడు ఆయన.

ఆమె తెర మీద చూసింది. నాలుగూ మేలుకునే ఉన్నాయి.

"లేచాయి. కుదుపు ఉంది."

నాలుగు రౌండ్లలో అయిదు కుదుపులు లెక్కచెప్పి, బండి ఆపి, ఫారం మోకాలి మీద పెట్టుకుని శ్రద్ధగా రాశాడు. ఆమె చివరి అక్షరం దాకా రాయనిచ్చింది.

"బాబాయ్, ఈ రోజు ఏ సిలిండరూ పడుకోలేదు. నేనే ఆపేశాను. ఇప్పుడు చెప్పండి, ఎక్కడిది కుదుపు?"

వేరేవాళ్లయితే నీళ్లు నమిలేవాళ్లు. ఆయన కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

"తెలుసు. మొదటి మలుపు తిరక్కముందే తెలిసింది."

"తెలిసీ రాశారా?"

"రాశాను."

"అసలు కుదుపు ఎప్పుడు పోయింది?"

"ఆరు వారాలైంది. చాలా బాగా చేశావమ్మాయ్."

ఆ మాట కోసం ఆమె మూడు నెలలుగా ఎదురుచూస్తోంది. వచ్చిందని సంతోషించాలో, ఆరు వారాలు దాచినందుకు జుట్టు పట్టుకోవాలో తెలియలేదు. పట్టుకోవడానికి ఆయనకి జుట్టు కూడా పెద్దగా లేదు.

"ఎందుకు బాబాయ్ నా మీద ఇంత కక్ష?"

"రా, చూపిస్తా" అని ఆయన ఆమెని ట్రాక్ వెనక ఉన్న బెంచీ గదికి తీసుకెళ్లాడు. అద్దం అవతల అదే రకం ఇంజన్ ఒకటి ఇనప బల్లకి బిగించి ఉంది. అది నెలల తరబడి ఆగకుండా తిరుగుతోంది. దాని సిలిండర్లు లక్షలసార్లు పడుకుని, లక్షలసార్లు లేవాలి. వాటిని పడుకోబెట్టి లేపేవి ఆయిల్ ఒత్తిడితో జారే బియ్యపు గింజంత పిన్నులు. అవి ఎన్నాళ్లు మన్నుతాయో తేల్చే పరీక్ష అది. ఇంకా పదహారు రోజులుంది.

"నా సంతకం పడితే ఇక కారుకి అడ్డులేదని ఆ రోజే దీన్ని ఆపేస్తారు. ఆరు వారాల కిందట క్యాంటీన్లో మేనేజరు నీతో అన్నాడు కదా, సగం పరీక్ష చాలు, మన్నిక కాగితం మీద నీ సంతకం పెట్టెయ్యి అని. పక్క బల్ల దగ్గరే ఉన్నాను. నువ్వు సరే అనలేదు, కాదూ అనలేదు. నీళ్ల గ్లాసు ముందు పెట్టుకుని తాగకుండా కూర్చున్నావు."

ఆమె తల దించుకుంది. పూర్తి పరీక్ష కావాలని అడగబోయి, ఎక్కడ తీసేస్తారోనని ఆ రోజు మింగేసుకుంది. ఆ భయం ఆ తర్వాత ఒక్క రోజూ ఆమెని వదల్లేదు.

"నువ్వు అడ్డం పడితే తీసేస్తారు. నేను అడ్డం పడితే నవ్వుతారు" అన్నాడు ఆయన. "నాకేం, ఇరవై ఆరేళ్లుగా నవ్వుతూనే ఉన్నారు."

శుక్రవారం మేనేజరు గదిలో ఇద్దరూ నిలబడ్డారు. బల్ల మీద రెండు కాగితాలు, రెండు కలాలు.

"కుదుపు ఉంది" అన్నాడు కుదుపు గారు, ఎవరూ అడక్కముందే.

"లేదు సార్" అంది అమ్మాయి. "ఆరు వారాల కిందటే పోయింది."

మేనేజరు మొహం వెలిగిపోయింది. కలం కుదుపు గారి ముందుకి తోశాడు. "విన్నారా? ఇక పెట్టండి సంతకం."

"ఆయన పెట్టినా నేను పెట్టను సార్. బెంచీ మీద ఇంజన్‌కి ఇంకా పదిహేను రోజులుంది. అది పూర్తికానిదే మన్నిక కాగితం మీద నా పేరుండదు. ఆపాలంటే నన్ను ఆపండి, ఇంజన్ని ఆపకండి." ఆమె తన ముందున్న కలాన్ని మేనేజరు వైపుకి తోసేసింది.

"ఇదంతా ఈయన నూరిపోశాడా?"

కుదుపు గారు అదిరిపడ్డాడు. "నాకేం సంబంధం? సార్, ఈ అమ్మాయి మాట నమ్మకండి. చిన్నపిల్ల, నడుమింకా ముదరలేదు. కుదుపు ఉంది! బండి ఆపింది నేను!"

"మీరుండండి బాబాయ్. ఆపుతున్నది నేను."

"పన్నెండు వారాల నుంచీ ఆపుతున్నది నేనైతే, ఇవాళ పొద్దున్న వచ్చి నువ్వెలా ఆపుతావ్?"

"బయటికి నడవండి ఇద్దరూ!" అని మేనేజరు అరిచాడు. తర్వాత ఒంటరిగా కూర్చుని లెక్కేసుకున్నాడు. ఇద్దర్నీ తీసేస్తే, కొత్తవాళ్లకి ఈ పని ఒంటబట్టేసరికి పదిహేను రోజులకి మూడింతలు పడుతుంది. పళ్లు నూరుకుని ఇంజన్ని తిరగనిచ్చాడు.

పదకొండో రోజు బెంచీ మీద మూడో సిలిండరు పడుకుని మరి లేవలేదు. విప్పి చూస్తే పిన్ను ఇరుక్కుపోయి ఉంది. అదే రోడ్డు మీద, వెనక లారీ వస్తుండగా జరిగితే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు. అమ్మాయి ఆయిల్ దారి వెడల్పు చేయించి, పరీక్ష మళ్లీ మొదటినుంచీ చివరిదాకా నడిపించి, అప్పుడు మన్నిక కాగితం మీద తన పేరు నిండుగా రాసింది.

ఆ రోజు మేనేజరు కుదుపు గారి పాత ఫారాల కట్ట ముందేసుకుని కూర్చున్నాడు. ఈసారి గొంతులో కోపం లేదు.

"నిజం చెప్పండి. బెంచీ పరీక్ష ఆగకూడదనేగా ఇన్ని రాశారు? ఈ అమ్మాయిని మెచ్చుకుంటూ పై ఆఫీసుకి రాస్తున్నాను, మీ పేరు కూడా చేరుస్తాను."

అమ్మాయి తలుపు దగ్గర నిలబడి గబగబా తలూపుతోంది, అవునని చెప్పమని.

"అబ్బే, బెంచీ ఊసు నాకేం తెలుసు సార్? పట్టుబట్టింది ఈ అమ్మాయి ఒక్కతే. కావాలంటే ఫారాలన్నీ చూసుకోండి, ఎక్కడన్నా బెంచీ అన్న మాట ఉందేమో."

"అయితే లేని కుదుపు ఆరు వారాలు ఎందుకు రాశారు?"

కుదుపు గారు ఫారం మీద సంతకం గీకి, కలం మూత పెట్టి, తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు.

"పొరపాటు పడ్డాను సార్" అన్నాడు.

ఇరవై ఆరేళ్లలో ఆయన నోట ఆ మాట రావడం అదే మొదలు. అదీ పచ్చి అబద్ధం.