అల్లవరం మట్టి కప్పులు

లెక్కల మేష్టారుగా రిటైరయ్యాక కుండల పని నేర్చుకున్నాను. హైదరాబాదులో కొన్నాళ్లు క్లాసులకు వెళ్లి, చక్రం, చిన్న కరెంటు బట్టీ కొనుక్కుని అమలాపురం వచ్చేశాను. తెచ్చుకున్న మట్టి అయిపోయింది. అల్లవరంలో మా బావగారు రొయ్యల చెరువు తవ్విస్తుంటే రెండు బస్తాల నల్లమట్టి అడిగి తెచ్చుకున్నాను. చేతికి వెన్నలా తగిలింది. నానబెట్టి, జల్లెడ పట్టి, నీళ్లు ఇంకాక బాగా పిసికి చక్రం మీద కప్పులు తీశాను. కాల్చాక ఇటుక రంగులో, ఒక్క పగులైనా లేకుండా వచ్చాయి. ఆ సంతోషంలో ఎదురింటి పిన్నిగారికి ఒకటి ఇచ్చాను.

వారం తిరక్కుండానే ఆవిడ ఆ కప్పు పట్టుకుని వచ్చారు. అంచు కింద గోరంత పెచ్చు ఊడిపోయి ఉంది.

"మేం కింద పడెయ్యలేదు మేష్టారూ. అలమారలో పెట్టింది పెట్టినట్టే ఉందండీ. దానంతటదే ఊడింది," అన్నారు, తప్పు చేసినట్టు మొహం పెట్టి.

"పర్లేదు పిన్నిగారూ," అన్నాను గానీ నమ్మలేదు.

తర్వాత మా ఇంట్లో కప్పులకూ అలాగే జరిగింది. మా ఆవిడ పిల్లిని అనుమానించింది. వేడి చాల్లేదేమోనని నేను మళ్లీ కాల్చాను. ఇంకా ఎక్కువ ఊడాయి.

ఓ మధ్యాహ్నం నేనూ మా ఆవిడా వాటిని ముందేసుకుని కూర్చుంటే, ఎవరూ ముట్టుకోకుండానే ఒకదాన్నుంచి టిక్కుమని పెచ్చు ఎగిరిపడింది. ఇద్దరం మొహాలు చూసుకున్నాం. ఊడిన చోట తెల్లటి చుక్క ఉంది. మా ఆవిడ గోటితో గీకి, "సున్నంలా ఉందండీ," అంది.

సముద్రం దగ్గరి మట్టి కదా, గవ్వల ముక్కలు ఉండే ఉంటాయి. అవి బట్టీలో కాలి సున్నమై, తేమ తగిలి ఉబ్బి, పైపెచ్చును తోసేస్తున్నాయి. హమ్మయ్య, తెలిసిపోయిందనుకున్నాను. ఈసారి మట్టిని పల్చటి చీరగుడ్డలో వడగట్టాను.

అయినా సగం కప్పులే నిలిచాయి. మిగతా సగం ఊడాయి. ఒకే బకెట్టు మట్టి, ఒకే బట్టీ. పైగా ఊడిన చోట తెల్లచుక్క కూడా లేదు! నేర్పినాయనకు ఫోన్ చేస్తే, "ఉప్పేమోనండీ, లేకపోతే సరిగ్గా ఆరలేదేమో," అన్నారు. ఉప్పు పోయేలా కడిగాను, నీడలో ఆరబెట్టాను. ఫలితం మళ్లీ అంతే. ఎందుకో ఇప్పటికీ నాకు అంతుపట్టలేదు.

మొన్న పిన్నిగారు వచ్చి ఇంకో కప్పు అడిగారు.

"ఊడందేదైనా చూసి ఇవ్వండి మేష్టారూ."

"ఏది ఊడుతుందో నాకే తెలీదండీ," అన్నాను.

"ఆయ్. అయితే రెండిచ్చెయ్యండి," అన్నారు.